వేలూరు వరండాలో మాలపల్లి

మా ఇంట్లో నవలలు చదివిన మొదటి మనిషి మా అమ్మ. ఎనిమిదో తరగతితో ఆమె బడి మానేసింది కానీ పుస్తకం మానలేదు. పాకాలలో ఒక అద్దె పుస్తకాల అంగడి ఉండేది. సంతకు పోయినప్పుడల్లా అక్కడ ఒక నవల తీసుకొని, టమోటాల కింద పడి నలగకుండా సంచిలో అన్నిటికన్నా పైన పెట్టుకొని వచ్చేది. అట్టకు బ్రౌన్ పేపరు, వెన్నుకు పురికొస కుట్టు, మొదటి పేజీలో అంగడి ముద్ర. పాలు పితికి, సంగటి కెలికి, ఊరిబిండి నూరి, అందరం తిని పడుకున్నాక వసారాలో నలభై క్యాండిల్ బల్బు కింద కూర్చునేది. నేను మధ్యలో నిద్ర లేచి చూస్తే అదే చోట ఉండేది, ఒళ్లో పుస్తకం, పేజీ తిప్పడానికి తడి చేసుకున్న వేలు పెదవి దగ్గర.

యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’ అమ్మ ఎన్నిసార్లు చదివిందో లెక్క లేదు. జయంతి గురించి మా బంధువుల అమ్మాయి గురించి మాట్లాడినట్టు మాట్లాడేది. ‘ఆ పిల్లకు పౌరుషం జాస్తి’ అనేది, మెచ్చుకోలుగా. నాకు చెల్లెలు పుడితే జయంతి అని పేరు పెట్టాలనుకుందట. తమ్ముడు పుట్టాడు.

2001లో నేను తిరుపతి ఎస్వీ యూనివర్సిటీలో ఎం.ఏ. తెలుగులో చేరాను. మొదటి వారంలో ఒక క్లాసులో, మీరు చదివిన నవలల్లో నచ్చినది చెప్పండి అని వరసగా అడిగారు. ‘వేయిపడగలు’ అన్నారు, ‘మైదానం’ అన్నారు, ‘అల్పజీవి’ అన్నారు. నా వంతు వచ్చింది. నా నోటి చివర ‘సెక్రటరీ’ ఉంది. అంతకు ముందు రోజే ఆ రకం నవలలన్నీ కాలక్షేపం సరుకని అదే గదిలో విని ఉన్నాను. లేచి నిలబడి, నేను అప్పటికి ఇరవై పేజీలు కూడా దాటని ‘చివరకు మిగిలేది’ పేరు చెప్పి కూర్చున్నాను. అది తలుచుకుంటే ఇప్పటికీ అమ్మను పదిమందిలో ఎవరో తెలియనట్టు దాటుకొని పోయినట్టు ఉంటుంది.

ఈ మాట అప్పుడే చెప్పి ఉండాల్సింది, ఇప్పుడు చెబుతున్నాను. ‘సెక్రటరీ’ నాకు మంచి నవల. రాజశేఖరం కారూ, మేడా నాకు ముఖ్యం కాదు. ఒక ఆడపిల్ల ఉద్యోగానికి పోయి, తన జీతం తాను తెచ్చుకుంటూ, డబ్బున్నవాడి ముందు తల దించకుండా మాట్లాడటం 1960లలో పల్లెల్లో ఉన్న మా అమ్మలాంటి వాళ్లకు ఎక్కడ కనిపిస్తుంది? నవలలోనే కనిపించింది. నన్ను పదో తరగతితో ఆపేద్దామని ఇంట్లో మాట వచ్చినప్పుడు అమ్మ ఒక్కతే అడ్డం నిలబడింది. ఆ నిలబడటంలో ఆ బ్రౌన్ పేపరు అట్టల పాలు ఎంతో కొంత ఉందని నా నమ్మకం.

అట్లా నోటికొచ్చి చెప్పినందుకు ‘చివరకు మిగిలేది’ పట్టుదలగా పూర్తి చేశాను. బుచ్చిబాబు వాక్యం నన్ను కట్టేసింది. ఆ తెలుగు చదువుతుంటే ఎండాకాలం సాయంత్రం తిరుమల కొండ మీద వెలుతురు రంగులు మారుతున్నట్టే ఉండేది. కానీ దయానిధి మీద మాత్రం నాకు కోపం. తల్లి మీద లోకం వేసిన నింద మోసుకుంటూ తిరిగే ఆ మనిషి బాధ అర్థమవుతుంది. ఆయన చుట్టూ ఉన్న కోమలి, అమృతం, ఇందిర బాధ ఆయనకు అర్థమైనట్టు నాకు అనిపించలేదు. పరీక్షలో మాత్రం ‘మనోవైజ్ఞానిక నవలల్లో మకుటాయమానం’ అని రాసి మార్కులు తెచ్చుకున్నాను.

ఇంకొకటి కూడా గుచ్చుకుంది. దయానిధి అన్నీ వదులుకొని అనంతపురం జిల్లా వజ్రకరూరు వైపు వస్తాడు. వానలు పడ్డాక చేలల్లో వజ్రాలు వెతుక్కునే ఊరు అది, ఇప్పటికీ వెతుకుతారు. బుచ్చిబాబు అనంతపురంలో ఇంగ్లీషు లెక్చరరుగా పనిచేసినవాడు, కాబట్టి ఆ నేల ఆయనకు తెలుసు. అయినా హీరో తనను తాను పోగొట్టుకోవడానికి వచ్చే ఎండిన చోటు మా సీమ అయింది కదా అనిపించింది. మేము అక్కడే పుట్టి, పెళ్లిళ్లు చేసుకొని, పండగలు చేసుకొని బతుకుతున్నవాళ్లం. మా వైపు నుంచి చూసి రాసిన నవల ఏదైనా ఉందా అని లైబ్రరీలో వెతకడం అప్పుడు మొదలుపెట్టాను.

దొరికింది. డాక్టర్ కేశవరెడ్డి ‘అతడు అడవిని జయించాడు’. పలచటి పుస్తకం. పందులు మేపుకునే ఒక ముసలాయన, ఈననున్న పంది ఇంటికి రాకపోతే వెతుక్కుంటూ రాత్రి అడవిలోకి పోతాడు. అంతే కథ. సాయంత్రం హాస్టల్ మెట్ల మీద మొదలుపెట్టి, మెస్సు గంట కొట్టినా లేవకుండా పూర్తి చేశాను. ముసలాయనకు పేరు లేదు. ఆ రాత్రి ఆయన పడే పాట్లకు సాక్షి ఎవరూ లేరు, మనం తప్ప. ముగింపు చెప్పను, చదవనివాళ్లు ఉంటారు.

నా రూమ్మేటు నెల్లూరు వైపు అమ్మాయి. నేను ‘యాడికి’, ‘ఉండాది’, ‘జాస్తి’ అంటే నవ్వేది. నేను కూడా ఏడాది నుంచి మాట దిద్దుకుంటూ వస్తున్నాను, క్లాసులో ఒకటి, ఊళ్లో ఒకటి. కేశవరెడ్డి పుస్తకాలు ఆ అమ్మాయికి ఇచ్చాక రాత్రిళ్లు మంచం మీద నుంచి ప్రశ్నలు మొదలయ్యాయి. ఈ మాటకు అర్థమేంటి, ఆ సామెత ఎక్కడ వాడతారు. అడిగీ అడిగీ ఒక నోటుబుక్కు పెట్టింది. గెనిమ అంటే పొలం గట్టు అని, చెనిక్కాయలంటే వేరుశనగలని రాసుకుంది. అప్పటిదాకా నేను లోపల దాచుకున్న మాటలు ఒకరు పెన్నుతో రాసుకుంటుంటే నాకు గొంతు పట్టేసింది. ఆ నెల నుంచి సెమినార్లో కూడా నా మాట నేను మార్చుకోలేదు.

కేశవరెడ్డి మా జిల్లావాడే, తలుపులపల్లెలో పుట్టాడు. ఉద్యోగమంతా నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో, కుష్ఠురోగులకు వైద్యం చేస్తూ గడిపాడు. అంత దూరంలో కూర్చుని మా చేలు, మా గుడిసెలు, మా తిట్లు అన్నీ ఒక్కటి జారనివ్వకుండా ఎట్లా రాశాడో! నామిని సుబ్రహ్మణ్యం నాయుడిని కూడా అదే ఏడాది చదివాను. నామిని రాతలో మా ఊరు మాట్లాడుతుంది, కేశవరెడ్డి రాతలో మా ఊరు మౌనంగా కూర్చుని ఉంటుంది. నాకు రెండూ కావాలి, కానీ ఒక్కటే తీసుకోమంటే ఆ మౌనమే తీసుకుంటాను.

‘వేయిపడగలు’ గురించి ఒక్క మాట. సగం ఆరాధనతో, సగం పేచీతో చదివాను. ఇన్నేళ్లయినా ఆ లెక్క మారలేదు.

2002 చలికాలంలో అమ్మకు ఆయాసం మొదలైంది. పాలక్యాను మోసుకొని గడప ఎక్కలేకపోయేది. చిత్తూరులో చూపిస్తే గుండెలో కవాటం పాడైందన్నారు, వేలూరు తీసుకుపొమ్మన్నారు. మా జిల్లాలో పెద్ద జబ్బు అంటే వేలూరే. మా అవ్వ తరం వాళ్లు రాయవేలూరు అంటారు. ఎవరింట్లోనైనా ‘రాయవేలూరు తీసుకుపోయినారు’ అన్నారంటే వీధి అంతా గొంతు తగ్గించి మాట్లాడుతుంది.

ఆ సెమిస్టర్లో మాకు ‘మాలపల్లి’ ఉంది. సంచిలో అమ్మ చీరలు, ఫ్లాస్కు, రిపోర్టుల కవరు, వాటితో పాటు ఆ లావు పుస్తకం. నాయన, నేను మార్చి మార్చి ఉండేవాళ్లం. ఆసుపత్రి వరండాలో పొడవాటి చెక్క బెంచీలు. అరవం, తెలుగు, బెంగాలీ, హిందీ అన్నీ కలిసి ఒకే గొణుగుడుగా వినిపించేవి. మందుల వాసన, ఫినాయిలు వాసన, పక్క బెంచీ మీద ఎవరో విప్పిన పులిహోర పొట్లం వాసన. మొదటి రోజు పుస్తకం తెరిచాను కానీ అక్షరాలు లోపలికి పోలేదు. అంతకు ముందు హాస్టల్లో చదివినప్పుడు కూడా మొదటి వంద పేజీలు నాకు బరువుగానే నడిచాయి, ఉపన్యాసాలు ఎక్కువనిపించాయి.

రెండో రోజు, పరీక్షకని అండర్‌లైన్ చేసుకున్న ముందుమాట మళ్లీ చూస్తుంటే ఒక సంగతి తగిలింది. ఉన్నవ లక్ష్మీనారాయణ ఈ నవల రాసింది రాయవేలూరు జైల్లో. పల్నాడు పుల్లరి సత్యాగ్రహంలో శిక్ష పడి వచ్చి ఇక్కడే రాశాడు. 1922లో పుస్తకం అచ్చయితే మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. ఈ సంగతి నేను నోట్సులో రాసుకున్నదే, బిట్టు ప్రశ్నకు బట్టీ పట్టిందే. నేను కూర్చున్న ఊరూ ఆ ఊరూ ఒక్కటేనని మాత్రం ఆ బెంచీ మీదే తట్టింది.

సాయంత్రం పండ్లు కొనడానికి బయటికి పోయి, ఆటో అతన్ని జైలు ఎటువైపు అని అడిగాను. ఎవరైనా లోపల ఉన్నారా అన్నట్టు జాలిగా చూసి, తొరపాడి పక్కకు చెయ్యి చూపించాడు. నేను పోలేదు. బత్తాయిలు తీసుకొని వెనక్కి వచ్చేశాను. కానీ ఆ చెయ్యి చూపిన వైపు తెలిసింది కాబట్టి మరుసటి రోజు బెంచీ మీద ఆ వైపుకే తిరిగి కూర్చున్నాను.

అప్పటి నుంచి నవలను వేరేగా చదువుకున్నాను. గుంటూరు మనిషి, తన పొలాలకూ తన వాళ్ల మాటకూ దూరంగా, అరవదేశంలో నాలుగు గోడల మధ్య కూర్చుని రామదాసు ఇంటిని కట్టుకున్నాడు. మహాలక్ష్మి వంట, జ్యోతి ఆటలు, సంగదాసు పాలేర్ల కోసం తిరగడం, అన్నీ ఆ గదిలోకి తెచ్చుకున్నాడు. ఊరి మీద బెంగతో రాసినవాడు గనకనే అంత వివరంగా రాశాడనిపించింది. నాకు బరువనిపించిన పేజీలు, ఒక మనిషి రోజులు లెక్కపెట్టుకుంటూ ఊరిని కాగితం మీద పెట్టుకున్న పేజీలుగా కనిపించాయి. చౌదరయ్య చేతిలో సంగదాసు చనిపోయే చోట నేను ఏడిస్తే, పక్కనున్న అరవం ఆమె మా అమ్మకు ఏమైనా అయిందేమోనని నా వీపు నిమిరింది. ఆమెకు నేను చెప్పలేకపోయాను. చెప్పినా, నా ఏడుపులో సంగదాసు ఎంత, అమ్మ ఎంత అనేది నాకే తెలియదు.

తర్వాత క్లాసులో ‘మాలపల్లి’లో శిల్పం లోపించిందని చర్చ జరిగింది. లోపించిన చోట్లు నాకూ తెలుసు. వెంకటదాసు తక్కెళ్ల జగ్గడిగా మారి దోపిడీలు చేసే భాగం వేరే నవలలోంచి వచ్చినట్టే ఉంటుంది. అయినా 1922 నాటికి, దళితుల ఇంటిని కథకు నడిమిల్లు చేసి, వాళ్ల వాకిట్లో నిలబడి లోకాన్ని చూసిన నవల అది. ఆ రోజు లేచి గట్టిగానే మాట్లాడాను. వేలూరు బెంచీ సంగతి మాత్రం చెప్పలేదు.

ఆపరేషనుకు ముందు నాలుగు రోజులు అమ్మకు ఏ పనీ లేదు. పెళ్లయ్యాక అన్ని రోజులు ఊరికే పడుకోవడం ఆమెకు అదే మొదలు. కళ్లు లాగుతున్నాయని, నన్ను చదివి వినిపించమంది. నా దగ్గర ‘మాలపల్లి’ కాక ఉన్నది డాక్టర్ పి. శ్రీదేవి ‘కాలాతీత వ్యక్తులు’. 1957లో ‘తెలుగు స్వతంత్ర’లో సీరియల్‌గా మొదలైన నవల. దాన్నే ‘చదువుకున్న అమ్మాయిలు’ సినిమా తీశారంటే అమ్మ నమ్మలేదు. ‘సావిత్రి సినిమానా? నేను చూసినా గదా, ఇట్ట లేదే’ అంది. నిజమే, ఆ సినిమా చూసినవాళ్లకు ఈ నవలలోని ఇందిర తెలియదు.

గొంతు తగ్గించి, మంచం అంచున కూర్చుని చదివేదాన్ని. రెండు మూడు పేజీలకు అటు మంచం ఆమె కూడా ఇటు తిరిగింది, మదనపల్లె వైపు మనిషి. మూడో రోజుకు నర్సు వచ్చి బీపీ చూసేటప్పుడు కూడా నన్ను ఆపవద్దనే వాళ్లు. క్లాసులో ఇందిర మీద పెద్ద వాదన జరిగేది, స్వార్థపరురాలా, స్వతంత్రురాలా అని. కల్యాణి మంచిది, ఇందిర గడుసుది అని సగం మంది తేల్చేశారు. నేనూ ఎటూ తేల్చుకోలేక ఉన్నాను. ఇందిర ప్రకాశాన్ని వదిలేసే చోటుకు వచ్చాక ఆగి అమ్మను అడిగాను, ఈ పిల్ల చేసింది తప్పేనా అని.

అమ్మ కాసేపు పైన ఫ్యాను చూసింది. ‘సంపాయించి నాయన్ని సాకతా ఉంది. ఇంట్లో, బయట అందురూ ఆ పిల్ల మింద ఎక్కి కూసున్నారు. ఒగ రోజు దించేసింది. దించితే గడుసుదనిరి’ అంది. అటు మంచం ఆమె తల ఊపింది.

నేను ఆ నవల మీద ఎన్నో వ్యాసాలు చదివాను, తర్వాత పాఠం కూడా చెప్పాను. ఇందిరను అంత సూటిగా పట్టుకున్న మాట నాకు మరొకటి దొరకలేదు. శ్రీదేవి ఈ ఒక్క నవల రాసి 1961లో చిన్న వయసులోనే చనిపోయింది. ఆమె కూడా డాక్టరే. ఆసుపత్రి మంచాల మధ్య ఆ పుస్తకం అంత బాగా వినిపించడానికి అదీ ఒక కారణమేమో.

ఆపరేషన్ బాగా జరిగింది. అమ్మ కోలుకుంది, ఇప్పటికీ ఉంది, కళ్లద్దాలు మార్చుకొని ఇప్పటికీ చదువుతుంది. 2008లో ‘మునెమ్మ’ వచ్చి పత్రికల్లో పెద్ద వాదనలు జరుగుతున్నప్పుడు ఆమె రెండు రోజుల్లో చదివి పక్కన పెట్టింది. మొగుడి చావుకు కారణమైనవాళ్లను వెతుక్కుంటూ బొల్లిగిత్తతో పాటు బయల్దేరిన మునెమ్మ ఆమెకు జయంతి కన్నా, ఇందిర కన్నా నచ్చింది. ఎందుకని అడిగితే, ఆ పిల్ల ఎవుర్నీ అడక్కుండా పోయింది గదా అంది. నాకు ఆ నవలలో కొన్నిచోట్ల ఇప్పటికీ సందేహాలున్నాయి. అమ్మకు లేవు.

వేలూరు ఖర్చు కింద మా గుండ్లచేను పోయింది. ఎకరా ఇరవై సెంట్లు. చెనిక్కాయలు వేసే చేను. రిజిస్ట్రేషన్ రోజు నాయన తెల్ల చొక్కా వేసుకొని పోయి, సాయంత్రం వచ్చి చొక్కా మడిచి పెట్టి, ఎప్పటిలాగే ఆవులకు నీళ్లు పెట్టాడు. ఆ చేను గురించి మా ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు.

ఆ వేసవిలోనే నేను స్కాలర్‌షిప్ డబ్బుతో తిరుపతిలో ‘మూగవాని పిల్లనగ్రోవి’ కొన్నాను. కేశవరెడ్డిది కదా అని, వెనక అట్ట కూడా చూడకుండా తీసుకున్నాను. ఒంటిల్లు అనే ఊరు, బక్కిరెడ్డి అనే రైతు, చెయ్యి జారిపోయే భూమి. తిరుపతి నుంచి పాకాలకు రైల్లో చదువుతూ, చంద్రగిరి కోట కిటికీలో దాటాక పుస్తకం మూసేశాను. మూసినా లాభం లేకపోయింది. ఇంటికి వచ్చి రాత్రికి రాత్రి పూర్తి చేశాను. రైతుకు భూమి ఆస్తి అని పుస్తకాల్లో చదువుకున్నాను. బక్కిరెడ్డికి అది ఒంట్లో భాగం. తెగిపోయాక మనిషి ఏమవుతాడో ఆ నవల దాచకుండా చూపిస్తుంది. తెలుగులో రైతు మీద వచ్చిన నవలల్లో దీన్ని అన్నిటికన్నా పైన పెడతాను. వాసిరెడ్డి సీతాదేవి ‘మట్టిమనిషి’లో సాంబయ్యకు భూమి మీద ఉన్న ఆశ నాకు అర్థమవుతుంది, గౌరవం కూడా ఉంది. బక్కిరెడ్డి మాత్రం మా ఇంటి వసారాలో కూర్చున్నాడు.

పుస్తకం గూట్లో పెట్టి హాస్టలుకు పోయాను. రెండు వారాల తర్వాత వస్తే అది నాయన మంచం మీద, దిండు పక్కన ఉంది. పేపరు, పంచాంగం తప్ప నాయన చదివింది నేను చూడలేదు. ఏమీ అనకుండా ఉన్నాను. రాత్రి భోంచేసేటప్పుడు ఆయనే అడిగాడు, ‘ఒంటిల్లు అంటే యాడ పాపా?’ అని. మన జిల్లా వైపే నాయనా, పుస్తకంలో ఊరు అన్నాను. ‘మన మాటే రాసినాడే’ అన్నాడు. అమ్మ సంగటి ముద్ద మీద గుంట చేసి పప్పు పోస్తూ నా వైపు చూసింది.

ఇంకో రెండు రోజులకు పుస్తకం మళ్లీ గూట్లో కనిపించింది. మధ్యలో గుర్తుకు వేలూరు బస్సు టికెట్టు పెట్టి ఉంది, రివ్యూకు పోయొచ్చినప్పటిది. భూమి ఇంకా చెయ్యి దాటని పేజీల్లోనే ఆగాడు.

‘చదవలేదా నాయనా?’ అన్నాను.

‘చాలు పాపా. ఆ రెడ్డికి ఏమైతాదో నాకు తెలస్తా ఉంది’ అని తువ్వాలు భుజాన వేసుకొని చేను వైపు పోయాడు. ఏ చేను వైపో నేను చూడలేదు.

నాయన పోయి ఆరేళ్లయింది. ఆ పుస్తకం నా దగ్గరే ఉంది. టికెట్టు మీద అక్షరాలన్నీ పోయి ఉత్త రంగు కాగితం మిగిలింది. కదిలితే చోటు మారుతుందని ఆ ప్రతిని తెరవను. బక్కిరెడ్డిని పాఠం చెప్పాల్సి వస్తే కాలేజీ లైబ్రరీ ప్రతి తెచ్చుకుంటాను.